ఆరో భాగం, నాలుగో అధ్యాయం

హలో… ఆ, నేనే అక్కా.

పనిలోనే ఉన్నాను. పద్నాలుగో అంతస్తు పైన, మిషన్ రూమ్‌లో… ఆ గోల లిఫ్టు మోటారుది. ఉండు, ఆపేస్తాను…

ఆపాను. ఇప్పుడు వినపడుతోందా?

…తిన్నానులే. నువ్వు తిన్నావా?

ఆ, విన్నాను. పొద్దున నువ్వు పంపిన ప్రసంగమేగా… మొత్తం విన్నాను. రెండుసార్లు.

బాగుంది. లేదు, మొహమాటానికి కాదు, నిజంగానే బాగుంది. పద్దెనిమిది నిమిషాలు ఎక్కడా తడుముకోలేదు నువ్వు. కాగితం చూసి చదివేవాళ్ళు కూడా అంత ధారగా మాట్లాడలేరు…

గొంతుకేం? బాగానే ఉంది.

సాయంత్రం లైబ్రరీకి ఎంతమంది వస్తున్నారట?

…అరవై మందా!

…అందరూ చదివినవాళ్ళేనా? 'తొమ్మిది వంతెనలు' ఎనిమిది భాగాలూ?

…ఊఁ. అవునులే, వచ్చే నెల తొమ్మిదోది వస్తోంది కదా, అందరూ పాతవన్నీ మళ్ళీ తిరగేసే ఉంటారు.

అక్కా, నువ్వు కూర్చునే ఉన్నావా?

…అయ్యో, ఎవరికీ ఏం కాలేదు. మా ఇంట్లో అందరూ బాగున్నారు. కంగారుపడకు. నీ ప్రసంగంలో ఒకచోట… ఒకచోట మార్చాలి. అది చెబుదామనే చేశాను.

మార్చడమంటే… తీసేయాలి.

ఆరో భాగం గురించి చెప్పావు చూడు. 'ఇంకొకరైతే వెయ్యి పేజీలు రాసే యుద్ధాన్ని ఈయన నాలుగే నాలుగు అధ్యాయాల్లో ముగించాడు, ధైర్యమంటే అదీ' అన్నావు. అక్కడ.

…మాటలు బాగానే ఉన్నాయి. మాటల గురించి కాదు.

నాలుగు అధ్యాయాలు కాదక్కా.

…యాభై రెండు.

…

వింటున్నావా?

…పొరపాటు పడటం కాదు. ఆరో భాగంలో యాభై రెండు అధ్యాయాలు ఉన్నాయి. ఎనిమిదింటిలోకీ అదే లావు పుస్తకం. నిలబెడితే దానంతట అదే నిలబడుతుంది, పక్కన ఆసరా కూడా అక్కర్లేదు.

…అవును. 'ఇది చాలా చిన్న పుస్తకం అక్కా, నాలుగే అధ్యాయాలు' అని నేనే అన్నాను.

అబద్ధం చెప్పాను.

…

ఎందుకంటే… అప్పుడు నాకు గొంతు నొప్పిగా ఉండేది. గుర్తుందా? రోజూ చదివి, రికార్డు చేసి నీకు పంపాలంటే… ఒక్కో అధ్యాయం ముప్పావుగంట… పైగా ఆ నెలలో పని కూడా ఎక్కువగా…

…

ఆ. నిజమే. గొంతు నొప్పిగా ఉంటే మర్నాటి నుంచే ఏడో భాగం ఎలా మొదలుపెట్టాను. అంతే కదా. నీ దగ్గర ఏ అబద్ధమూ నిలవదు.

గొంతు నొప్పి లేదు. పనీ ఎక్కువేం లేదు. ఉండు, చెబుతాను. ఒక్క నిమిషం…

విసుగొచ్చింది. అంతే. మొదటి మూడు అధ్యాయాలూ ముట్టడి. ఎంత ధాన్యం ఉంది, ఎంత ఉప్పు ఉంది, ఏ బురుజు మీద ఎవరు కాపలా… చదువుతున్న నాకే నిద్రొచ్చేది. ఒకరోజు ఏడో భాగం చేతిలోకి తీసుకుని ఊరికే మొదటి పేజీ చూశాను. వంతెన కాపరి పడవలో పోతున్నాడు, ఒంటిచేత్తో తెడ్డు వేస్తున్నాడు. ఐదో భాగం చివర రెండు చేతులతో గొడ్డలి ఎత్తి వంతెన మీద నిలబడ్డవాడు! కూతురేమో వెనకాలే కూర్చుని కూడా అతనితో మాట్లాడటం లేదు. ఇంకేముంది, ఇక ఆగలేకపోయాను.

…చిన్నప్పుడూ ఇంతే. ఔను. మూడో భాగం ముందు చదివేసి నీకు కథ చెప్పేశానని వీపు మీద ఒకటి ఇచ్చావు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు నలభై ఒకటి.

…

కాదక్కా. నాకేం తోచిందంటే… 'తనకేం తెలుస్తుంది' అనుకున్నాను.

అన్నాను. ఆ మాటే అనుకున్నాను లోపల. ఇంకోలా చెబితే మళ్ళీ అబద్ధమవుతుంది.

…

అక్కా… ఏదైనా అను.

…

తిట్టు పోనీ.

…ఇంకా ఉందా అంటే… ఉంది.

నాలుగో అధ్యాయం.

…ఆ, ఉప్పుబండి అధ్యాయమే.

అది పుస్తకంలో లేదు.

…లేదు అంటే లేదు. ఆ పుస్తకంలోనే కాదు, ఏ భాగంలోనూ లేదు. ఆయన రాయలేదు. నేను చెప్పాను. ఇలాగే ఇంకో మిషన్ రూమ్‌లో, గ్రీజు డబ్బా మీద కూర్చుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, అప్పటికప్పుడు అల్లుకుంటూ చెప్పాను. మూడో అధ్యాయానికీ ఏడో భాగానికీ మధ్య ఏదో ఒకటి వేసి అతకాలి కదా. ఆ చెయ్యి పోయినట్టు, కూతురికి కోపం వచ్చినట్టు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. అందుకని వాళ్ళిద్దరినీ ఉప్పుబండి ఎక్కించాను.

…చెయ్యి ఎలా పోయిందో చెప్పలేదు ఎందుకంటే, నాకే తెలియదు కనుక! తెలిస్తే చెప్పేవాణ్ణి. నువ్వు మూడుసార్లు అడిగావు. 'చెయ్యి ఏమైందిరా, ఎక్కడైనా వస్తుందా' అని. మూడుసార్లూ 'రచయిత చెప్పలేదక్కా, కావాలనే దాచాడేమో' అన్నాను. నువ్వేమో నమ్మేసి… ఆ మౌనం మీద ఐదు నిమిషాలు మాట్లాడావు ఇవాళ్టి ప్రసంగంలో. 'చెప్పకపోవడంలోనే గొప్పదనం ఉంది' అని. అందుకే రెండోసారి కూడా విన్నాను. ఈ అరవై మంది ముందు, అన్నీ వరసగా చదివినవాళ్ళ ముందు నువ్వు నిలబడి, వరసగా చదవడం గురించి చెబుతూ…

…నవ్వుతారని కాదు. నవ్వరేమో. జాలిపడతారు. అది ఇంకా నరకం. 'పాపం, కళ్ళు కనపడవు కదా, ఎవరో ఏదో చదివి పెట్టి ఉంటారు' అనుకుంటారు. నిన్ను అలా అనుకోవడం… ఆ ఎవరో నేను కావడం…

…

అవును. పదకొండు నెలలు. పదకొండు నెలల్లో ఎప్పుడైనా చెప్పి ఉండొచ్చు.

ఎందుకు చెప్పలేదా…

…అడగకు అక్కా అది.

…

సరే. సరే, చెబుతాను. నువ్వు ఆ ఉప్పుబండి విన్న రోజు ఫోన్ చేశావు కదా. ఏడుస్తూ. 'ఐదు భాగాలు ఒక ఎత్తు, ఈ ఒక్క అధ్యాయం ఒక ఎత్తురా' అన్నావు. 'తండ్రీ కూతుళ్ళు పొద్దున్నుంచీ చీకటి పడేదాకా పక్కపక్కన కూర్చుని ఒక్క ముక్క మాట్లాడుకోరు, చివరికి ఆ పిల్ల ఒంగి తండ్రి చొక్కా గుండీలు పెడుతుంది, ఎలా తట్టిందిరా ఆయనకి' అన్నావు.

నాకు… సంతోషమేసింది.

సిగ్గుపడాల్సింది పోయి సంతోషమేసింది. వారం రోజులు నేల మీద నడవలేదు నేను. లిఫ్టు తాళ్ళకి గ్రీజు పూస్తూ ఒక్కణ్ణే నవ్వుకునేవాణ్ణి. 'అవునక్కా, రచయిత బాగా రాశాడు' అని నీతో అంటుంటే లోపల ఎవరో నన్ను పొగుడుతున్నట్టు ఉండేది. ఇక ఎలా చెప్పను? చెబితే అబద్ధం బయటపడుతుందన్నది ఒకటీ… ఆ పొగడ్త పోతుందన్నది ఇంకొకటీ. రెండోదే ఎక్కువ.

…

హలో?… ఉన్నావా?

…ఏ గుండీలు?

…

ఆ.

ఆ… నాన్నవే.

పక్షవాతం వచ్చాక నాన్న కుడిచెయ్యి పడిపోయింది కదా. నువ్వు మందుల షాపులో పనికి వెళ్ళే ముందు రోజూ ఆయనకి చొక్కా తొడిగేదానివి. ఆయన గోడ వైపు తిరిగి ఉండేవారు, మొహం చూపించేవారు కాదు. నువ్వూ మాట్లాడేదానివి కాదు. పైనుంచి కిందికి గుండీలు పెట్టుకుంటూ వచ్చి, చివరి గుండీ పెట్టి, కాలరు ఒకసారి సర్ది వెళ్ళిపోయేదానివి. నేను తలుపు దగ్గర నిలబడి చూసేవాణ్ణి. లోపలికి రావడానికి భయం. నీకు సాయం చెయ్యడానికి కూడా రాలేదు ఎప్పుడూ.

అదే పెట్టాను బండిలో. నాకు తెలిసింది అదొక్కటే.

…అవును, నిన్ను అడగకుండానే. మన ఇంట్లోది తీసుకెళ్ళి వేరేవాళ్ళ పేరు పెట్టి నీకే వినిపించాను.

…'అందుకేనా, ఎక్కడో విన్నట్టుంది అనుకున్నాను' అంటున్నావు చూడు, ఆ మాటతో…

…లేదు. ఏడవడం లేదు. ఇక్కడ దుమ్ము.

…

అక్కా, ఆ మాట అనకు.

…గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? ఒకే పుస్తకం, ఇద్దరం బోర్లా పడుకుని చదివేవాళ్ళం. నువ్వు గబగబా చదివేసేదానివి. పేజీ చివర వేలు పెట్టి ఆగేదానివి. 'అయిందా?' అనేదానివి. నేను అయింది అంటేనే తిప్పేదానివి.

…ప్రతి పేజీకీ. అవును. ఒక్క పేజీకి కూడా తొందరపెట్టలేదు నువ్వు.

…

నేను నీ కోసం ఆగలేకపోయాను. నువ్వు అన్నది నిజమే.

…అవును. చూపు ఉన్న రోజుల్లో అయితే పేజీ నంబరు నువ్వే చూసుకునేదానివి. ఎవరినీ అడిగే పని ఉండేది కాదు.

…హాస్పిటల్లో నీ మంచం పక్కన కూర్చుని అన్నానా, అన్నాను. 'నేను చదువుతాను, వరసగా, ఒక్క లైను కూడా వదలకుండా' అన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను అక్కా. ఆ రోజు అబద్ధం కాదు అది. తర్వాత… రెండేళ్ళు రోజూ చదివేసరికి… 'ఇవాళ్టిది ఇంకా రాలేదేంటిరా' అని నువ్వు మెసేజ్ పెట్టినప్పుడల్లా నాకు చిరాకు వచ్చేది. పుస్తకం మీద చిరాకు అనుకునేవాణ్ణి. పుస్తకం మీద కాదు.

…

నీ మీదే.

చెప్పేశాను. ఇంతకంటే చెప్పాల్సింది ఏం లేదు. ఇదే అట్టడుగు.

…

అక్కా?

అక్కా… ఫోను కింద పెట్టావా?… కుర్చీ జరిపిన చప్పుడు… అక్కా!

…

ఎవరు? బావా? బావా, నేనే. ఏం చేస్తోంది?

…లోపలికి వెళ్ళిపోయిందా? తలుపు వేసుకుందా?

…మీకు వినపడిందా అంతా?… ఔను బావా. నేనే. తప్పంతా నాదే.

…మీరేమీ అనలేదు, అది మీ మంచితనం. నాలుగు తిట్లు తిట్టినా పడతాను.

…ఏం చెరిపేసింది?… ప్రసంగమా? మొత్తమా?… రెండు వారాలు కూర్చుని తయారు చేసుకుంది కదా బావా! ఆరో భాగం ముక్క తీసేస్తే సరిపోయేది, మిగతా అంతా…

…ఆ. మిగతాది కూడా ఆరో భాగం మీదే నిలబడిందన్న మాట నిజమే. అర్థమైంది.

బావా, పోనీ సభకి రాలేనని చెప్పించేద్దామా? ఒంట్లో బాగాలేదని. లైబ్రరీ అమ్మాయికి నేను ఫోన్ చేసి…

…కాదు, కాదు. ఇంకో అబద్ధం కాదు. తొందరలో నోరు జారింది. సరే. ఏమీ చెయ్యను.

…మీరు పక్కన ఉండండి. అక్క వస్తే నాకు… వచ్చిందా?

ఇవ్వండి. ఇవ్వండి బావా.

అక్కా.

…

వింటున్నాను. నువ్వు చెప్పు. మధ్యలో మాట్లాడను.

…

వెళ్తావా?… సభకి వెళ్తావా?

…ఏం చెబుతావు మరి?

…'ఆరో భాగం నేను వినలేదు. అందుకని ఏడూ ఎనిమిదీ విన్నా నాకు తెలియనట్టే. ఐదింటి గురించి మాత్రం మాట్లాడతాను'… అలా చెప్పేస్తావా? అందరి ముందూ?

…ఎందుకు వినలేదని అడిగితే?

…కాదు! 'నేనే వదిలేశాను' అని చెప్పడమేంటి! అది నువ్వు నెత్తిన వేసుకోవద్దు అక్కా. నా గురించి చెప్పు. మా తమ్ముడు చదివాడు, వాడు మోసం చేశాడని చెప్పు. లేకపోతే నేనే వస్తాను. నువ్వు ఆ మాట అనగానే లేచి నిలబడి, అందరూ వినేలా నేనే ఒప్పుకుంటాను. ఇదిగో, ఇప్పుడే సూపర్‌వైజర్‌కి చెప్పి బయల్దేరతాను…

…

ఏంటి?

…

లేదు, నేను అలా అనుకోలేదు…

…

అనుకున్నానేమో. అవును. అక్కడ లేచి చెప్పేస్తే నాకు తేలికవుతుంది. నీకేం తేలికవదు. అరవై మందీ నీ మాట మరిచిపోయి నావైపు చూస్తారు. నువ్వు మాట్లాడే చోటుని నా కన్నీళ్ళకి వాడుకున్నట్టు అవుతుంది. సరే. అర్థమైంది అక్కా.

…నిలబడను.

…నోరు విప్పను.

మరి రానా, వద్దా?

…ఎక్కడో వెనకాల కూర్చుంటాను. నీకు తెలియకుండా… అదీ తప్పేనా? సరే, నీకు తెలిసేలాగే. మొదటి వరసలో, ఎడమవైపు. వచ్చి చెబుతాను, 'వచ్చాను' అని. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడను.

…నిన్ను బావ తీసుకొస్తారా? ఎప్పుడూ నేనే కదా…

…సరే. బావే తీసుకురానీ.

…

పుస్తకమా? ఆరోదేగా. ఉంది, మా ఇంట్లోనే ఉంది.

…చదవలేదు. నిజంగానే ఆ మూడు అధ్యాయాలు దాటి నేనూ చదవలేదు. ఏడూ ఎనిమిదీ చదివాక మళ్ళీ వెనక్కి వెళ్ళాలంటే మనసొప్పలేదు. ముట్టుకుంటే నువ్వు గుర్తొచ్చేదానివి. బీరువా పైన పెట్టేశాను, అట్ట లోపలివైపుకి తిప్పి.

…వెయ్యీ నూట ఇరవై పేజీలు.

…తెస్తాను. సాయంత్రం వచ్చేటప్పుడు తెస్తాను. దుమ్ము తుడిచి తెస్తాను.

అక్కా, ఇప్పుడు చదివితే? మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెడతాను. రోజుకి రెండు అధ్యాయాలు. నెల తిరక్కుండా అయిపోతుంది. పేజీ నంబరు కూడా చదువుతాను, ప్రతి పేజీకీ. నమ్మకం లేకపోతే బావని పక్కన కూర్చోబెట్టుకుని…

…

వద్దు.

…

ఆ. వినపడింది. వద్దు అన్నావు.

…లైబ్రరీ అమ్మాయి చదువుతుందా?… ఎప్పుడు అడిగావు?

…ఇప్పుడే! లోపలికి వెళ్ళింది దానికా… ఆమెకేం చెప్పావు? …'ఒక భాగం మిగిలిపోయింది, చదివిపెడతావా' అన్నావా. అంతేనా. నా పేరు…

…సరే. అడగను.

ఆదివారాలు పొద్దునా. ఆమె గొంతు బాగుంటుంది. తొందర లేకుండా చదువుతుంది. మొన్న సభలో ఏదో చదివినప్పుడు విన్నాను… మంచిదే అక్కా. నీకు మంచిదే.

…

లేదు, ఏం అనుకోవడం లేదు. అనుకోవడానికి నాకేం హక్కుంది. రోజూ చిరాకుపడ్డవాణ్ణి, ఇవాళ వద్దనగానే… సరేలే. అది నా బాధ. నేను పడతాను.

ఒక్కటి అడగనా? ఆ ఉప్పుబండి రికార్డింగు… అది కూడా చెరిపేశావా?

…

సరే. చెప్పకు. అడగకుండా ఉండాల్సింది.

…ఎవరో పిలుస్తున్నారు కింద. లిఫ్టు ఆపేశాను కదా, వాళ్ళు మెట్లెక్కి వస్తున్నారు… వస్తున్నా! ఐదు నిమిషాలు! మోటారు వేడెక్కింది, ఐదు నిమిషాలు!… చూశావా, మళ్ళీ అబద్ధం. వాళ్ళకి వెళ్ళి నిజం చెబుతాను. ఫోన్ మాట్లాడటానికి ఆపానని.

…నవ్వావా?

…నవ్వలేదా. సరే.

చెప్పు.

…ఆదివారం ఎన్ని గంటలకి?

…నేనా?

…అంటే ఆమె చదువుతుంటే నేను కూడా… నీ పక్కన కూర్చుని?

…నేనూ చదవలేదు కనుక. అవును. నాకూ ఆరో భాగం తెలియదు కనుక.

వస్తాను. యాభై రెండు ఆదివారాలైనా వస్తాను. ముట్టడీ ధాన్యమూ ఉప్పూ అన్నీ వింటాను. ముందు ఏమవుతుందో ఊహకి అందినా పైకి అనను. కథ నీకంటే ఒక్క అడుగు కూడా ముందుకి…

…ఆ. ఎక్కువ మాట్లాడుతున్నాను. మాట ఇవ్వను. వస్తాను, అంతే. వచ్చి కూర్చుంటాను.

…

ఊఁ.

…సాయంత్రం ఐదున్నరకి. మొదటి వరస. పుస్తకం తెస్తాను.

…ఆ… ఇంకేం లేదు. నా దగ్గర ఇంకేం దాచింది లేదు అక్కా.

నువ్వే పెట్టేయ్. నేను పెట్టలేను… నువ్వు పెట్టేయ్.